కథావస్తువూ, కథలోని వస్తువులూ

ఈ మధ్య మంచిర్యాలలో జరిగిన ఒక కథాపఠన సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. అక్కడున్న రచయితలం, అధ్యాపకులం, విద్యార్థులం ఎవరమూ దానికి జవాబు చెప్పలేదు. చెప్పకపోగా కొందరం నవ్వాం. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ నవ్వుకు సంజాయిషీ చెప్పుకోవడానికీ, ఆ ప్రశ్న నుంచి మన విమర్శ నేర్చుకోవలసింది ఏమిటో చర్చకు పెట్టడానికీ ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ రోజు చదివిన కథ ఒక యువ రచయితది. గడీ కథ. దొర చనిపోయాడు, కొడుకులు హైదరాబాదు చేరుకున్నారు, గడీలోని సామాను వేలానికి వచ్చింది. వేలం చూడడానికి వచ్చిన ఒక వెట్టిమనిషి మనవడి కళ్లతో కథ నడుస్తుంది. హాలు మధ్యలో నిలువెత్తు మహాగని అల్మారా. దాని అద్దాల తలుపుల వెనక పింగాణీ పళ్లేలు, వెండి అత్తరుదానులు. పక్కనే ఇత్తడి పట్టీలు బిగించిన మహాగని పెట్టె. మంచుగడ్డలు పోసి అందులో వైన్ సీసాలు చల్లబరిచేవారట. దొరతనం ఆ అద్దాల్లో చివరిసారి మెరిసిందని చెప్పి, మనవడు రాయి విసరడంతో రచయిత కథ ముగించాడు.

చర్చ బాగానే నడిచింది. వస్తువు బలమైనదన్నారు ఒకరు. శిల్పం ఇంకా కుదరాలన్నారు మరొకరు. అల్మారాను భూస్వామ్య సంస్కృతికి ప్రతీకగా నిలబెట్టడం రచయిత పరిణతికి గుర్తు అన్నాను నేను. అప్పుడు తలుపు దగ్గర కూచున్న ఒక ముసలాయన లేచాడు. మా ఊళ్లో యాభై ఏళ్లుగా ఉలి పట్టిన వడ్లాయన. కాలేజీలో చదువుతున్న మనవరాలి వెంట వచ్చాడు.

"సార్, నాకు కథల సంగతి తెల్వది. కట్టె సంగతి తెలుసు. గా అల్మారా మహాగనిదంటున్నరు. మేం టేకు చేసినం, నల్లమద్ది చేసినం, ఎప్పుడన్న జిట్రేగి చేసినం. గా కట్టె మన దిక్కు గడీలకు ఎట్లొచ్చింది? ఎవలు తెచ్చిండ్రు? ఎవలు చేసిండ్రు?"

కథలో కట్టె ఏదైతేనేం తాతా అన్నారెవరో. అప్పుడే మేం నవ్వింది. ఆయన మారు మాట్లాడకుండా కూచున్నాడు.

ఆ యువ రచయిత కథల సంపుటానికి ముందుమాట నేనే రాశాను. గడీ గురించి మన కథకుల్లో ఇంత బలమైన ప్రతీకను పట్టుకున్నవారు తక్కువ అని అందులో ఒక వాక్యం ఉంది. సంపుటం అచ్చయిపోయింది కాబట్టి ఆ వాక్యాన్ని అక్కడ కొట్టెయ్యలేను. ఇక్కడ ఉపసంహరించుకుంటున్నాను. ఎందుకో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

*

తెలుగు విమర్శలో వస్తువు అనే మాటను మనం వాడినంతగా మరే మాటనూ వాడలేదు. వస్తువా, శిల్పమా అన్న చర్చ తరాల తరబడి నడిచింది. వస్తువే ప్రధానమని మనం వాదించాం. ఆ వాదం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే వస్తువంటే కథలోని విషయం, కథ వెనక ఉన్న జీవితం అని చెప్పుకుంటూ పోయిన మనం, అదే మాటకు ఇంట్లో, పొలంలో, బజారులో ఉన్న మొదటి అర్థాన్ని మరిచిపోయాం. మంచం ఒక వస్తువు. కావడి ఒక వస్తువు. అద్దాల అల్మారా ఒక వస్తువు. ఇవి కథలోకి వచ్చినప్పుడు విమర్శకుడు వీటిని రెండే రకాలుగా చూస్తున్నాడు. ఒకటి వాతావరణ చిత్రణ, రెండోది ప్రతీక. వాతావరణం అయితే మెచ్చుకుని దాటిపోతాం. ప్రతీక అయితే దాని అర్థం విప్పి చెప్పి దాటిపోతాం. రెండు సందర్భాల్లోనూ ఆ వస్తువు దగ్గర ఆగం. అదెక్కడి నుంచి వచ్చింది, దేనితో చేశారు, ఎవరి చేతుల మీదుగా ఈ గదిలోకి చేరింది అని అడగం.

శ్రమే సంపదకు మూలమని చెప్పుకునే మన విమర్శ ఇలా చేయడం విచిత్రం. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం (1867)లో సరుకు గుట్టు విప్పడానికి ఎంచుకున్న ఉదాహరణ సాధారణమైన కొయ్య బల్ల. కొయ్య బల్లగా ఉన్నంతసేపూ అందులో మర్మమేమీ లేదు. సరుకుగా బజారుకెక్కగానే దాన్ని చేసిన మనుషుల మధ్య సంబంధం కనపడకుండా పోయి, వస్తువుల మధ్య సంబంధంగా తోస్తుంది. ఈ సంగతి మనలో చాలామంది అధ్యయన తరగతుల్లో విన్నవాళ్లమే. ఆ తరగతి నుంచి లేచి వచ్చి, కథలోని అల్మారాను మళ్లీ మర్మంగానే చూశాం. దొరతనం దాని అద్దంలో మెరిసిందని రాస్తే చప్పట్లు కొట్టాం.

అంతకు ఇరవై అయిదేళ్ల ముందు, 1842లో, మార్క్స్ రైన్ ప్రాంతపు పత్రికలో కట్టెల దొంగతనం చట్టం మీద వ్యాసాలు రాశాడు. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం పేదల పాత హక్కు. అడవి సొంతదారులు దాన్ని దొంగతనంగా మార్చే చట్టం చేయించబోయారు. తనను ఆర్థిక సమస్యల వైపు మొదట మళ్లించిన వాటిలో ఆ చర్చ ఒకటని 1859లో ఆయనే చెప్పుకున్నాడు. ఆదిలాబాద్ అడవి అంచున ఉన్న మంచిర్యాల రచయితకు ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది?

*

ఇక వడ్లాయన ప్రశ్నకు వద్దాం. మహాగని ఏ దేశపు చెట్టు?

కరీబియన్ దీవులదీ, మధ్య అమెరికాదీ. 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. ఆ తర్వాత జమైకా మహాగని ఇంగ్లండు రేవుల్లోకి ధారాళంగా దిగింది. ఎర్రని వన్నె, నున్నటి పోగు, వెడల్పయిన పలకలు, తొందరగా వంగని గుణం. లండన్ వడ్రంగులు దానితో భోజనాల బల్లలు, అద్దాల అల్మారాలు, వైన్ చల్లబరిచే పెట్టెలు చేశారు. ఆ పెట్టెకు లోపల సీసపు రేకు తొడుగు ఉంటుంది. మంచు పోసి సీసాలు నిలబెడతారు. కరిగిన నీళ్లు పోవడానికి కొన్నిటికి అడుగున చిన్న కొళాయి ఉంటుంది. చుట్టూ ఇత్తడి పట్టీలు. పనితనంలో లోపం ఎంచలేం.

మరి ఆ చెట్టును నరికింది ఎవరు? ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలు. జమైకాలో చెరకు తోటల కోసం అడవి కొట్టినవారూ వారే. జమైకాలో చేతికందే చెట్లు తరిగిపోయాక నరుకుడు క్యూబాకూ, హొండురాస్ తీరానికీ జరిగింది. ఈ రోజు బెలీజ్ అంటున్న ప్రాంతంలో ఆకు రంగు మారే కాలం చూసి, చెట్ల కొనలకెక్కి, ఎక్కడ మహాగని ఉందో కనిపెట్టే పని కొందరు బానిసలది. ఎండ దెబ్బకు ఎడ్లు తట్టుకోలేవని రాత్రిపూట కాగడాల వెలుగులో దుంగలను నదికి లాగించేవారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1833లో. అంటే ఇవాళ వేలం సంస్థలు పద్దెనిమిదో శతాబ్దపు నాజూకు అని వర్ణించే మహాగని సామాను వెనక ఉన్నది ఈ శ్రమ.

ఇది ఇంగ్లీషు నవలలోకి ఎట్లా వచ్చిందో సాహిత్య విద్యార్థులు గమనించాలి. షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' (1847) మనవాళ్లు చాలామంది కాలేజీలో చదివిందే. చిన్నపిల్ల జేన్‌ను శిక్షగా బంధించిన ఎర్రగదిలో మంచం మహాగనిది, అల్మారా మహాగనిది, కుర్చీలు మహాగనివి. కథ చివరికొచ్చేసరికి ఆమెకు మెడీరాలో ఉన్న బాబాయి ఆస్తి ఇరవై వేల పౌన్లు వస్తుంది. తన బంధువులతో సమానంగా పంచుకుంటుంది. పంచుకుని, వాళ్ల ఇంట్లో ఒక గదిని మళ్లీ పాత మహాగని సామానుతో అలంకరిస్తుంది. నవలలోని పిచ్చి భార్య బెర్తా జమైకా నుంచి వచ్చిన మనిషి. ఆమె కట్నం జమైకా సంపద. చెట్టూ జమైకాదే, సొమ్మూ జమైకాదే, అటకమీద బంధించిన ఆడమనిషీ జమైకాదే. నవల ఈ మూడింటినీ కలిపి చెప్పదు. ఎలేన్ ఫ్రీడ్‌గుడ్ అనే విమర్శకురాలు 2006లో వచ్చిన తన పుస్తకంలో ఈ మహాగనిని ప్రతీకగా చూడకుండా మహాగనిగానే చూసి, ఆ కట్టె వచ్చిన దారి వెంట పోయింది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1966లో, కరీబియన్‌లో పుట్టిన జీన్ రీస్ ఆ అటకమీది మనిషి కథను ఆమె వైపు నుంచి నవలగా రాసింది. ఒకరు వస్తువు నుంచి బయల్దేరారు, ఒకరు మనిషి నుంచి బయల్దేరారు. చేరింది ఒక చోటికే.

మా యువ రచయిత కథలో మహాగని అల్మారా ఉండకూడదని నేననడం లేదు. హైదరాబాదు నవాబులు యూరప్ సామాను విరివిగా తెప్పించుకున్నారు. మూడో సాలార్ జంగ్ 1949లో చనిపోయాక ఆయన సేకరణతో 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో తెరిచిన మ్యూజియంలో యూరప్ కుర్చీలు, బల్లలు, అల్మారాలు గదుల నిండా ఉన్నాయి. 1968లో అవన్నీ మూసీ ఒడ్డు భవనానికి చేరాయి. నగరంలో ఎవరి వేలంలోనో కొన్న అల్మారా ఒకటి కరీంనగర్ గడీకి చేరడం అసాధ్యమేమీ కాదు. అసాధ్యం కాదు కాబట్టే ఆ దారి కథకుడికి తెలిసి ఉండాలి. ఆ దారి తెలిస్తే, గడీలో వెట్టి చేసిన తాతకూ జమైకాలో గొడ్డలి పట్టిన బానిసకూ మధ్య ఉన్న సంబంధం కథకు అందేది. రచయితకు అది తెలియలేదు. తెలియలేదన్న సంగతి నాకూ తెలియలేదు.

సమావేశం తర్వాత అతన్నే అడిగాను. "నేను గడీలు కూలినంక పుట్టినోణ్ణి సార్. లోపల ఏముంటదో నాకేం తెలుసు? హైదరాబాదుల ఒక పెద్ద హోటల్‌ల అసొంటి అల్మారా చూసిన. అమ్మకానికి పెట్టిన పాత సామాన్ల బొమ్మలల్ల ఆ వైన్ పెట్టె చూసిన," అన్నాడు. అంటే దొర వైభవాన్ని చూపించడానికి ఈ నాటి సంపన్నుల వైభవపు బొమ్మను అరువు తెచ్చుకున్నాడు. ద్వేషంతో రాసిన వర్ణనలో లోలోపల ఒక మోజు ఉంది. అద్దం, ఇత్తడి, మెరుపు అంటూ అరపేజీ నడిచిన ఆ వాక్యాల్లో రచయిత కన్ను అమ్మకందారు కన్నయిపోయింది. విమర్శకుడిగా నేను పట్టుకోవలసింది దీన్ని.

*

మన దగ్గరి కట్టె టేకు. మహాగనికి చెప్పుకున్న కథ టేకుకూ ఉంది.

హైదరాబాదు పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మారా ఉంది. భవనంలో ఒక వైపు పొడవునా, రెండంతస్తులుగా కట్టింది. పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. బర్మా టేకుతో చేసిందంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు నిజాముకు ఎన్ని జతలుండేవని అడుగుతారు. ఎన్ని చెట్లు అని అడిగినవాళ్లను నేను చూడలేదు. బర్మా టేకు కోసం యుద్ధమే జరిగింది. 1885లో బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ దుంగల లెక్క తక్కువ చూపి సుంకం ఎగ్గొట్టిందని మాండలే కొలువు జరిమానా వేసింది. దాన్ని సాకు చేసుకుని బ్రిటిష్ సైన్యం తీబా రాజును పట్టుకుని దేశాన్ని కలిపేసుకుంది.

మన అడవి కూడా ఇదే కాలంలో సరుకయింది. అహేరి అడవుల టేకు ప్రాణహిత మీదుగా గోదావరిలోకి దిగి కోస్తాకు తేలిపోయింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి, మద్రాసు–ఢిల్లీ రైలుదారి కలిసినప్పుడు మంచిర్యాల ఆ దారి మీది స్టేషన్ అయింది. అడవికి రైలు తగిలింది. టేకు విలువ పెరిగినకొద్దీ రిజర్వు గీతలు ముందుకు జరిగాయి. గోండులు, కోలాములు, నాయకపోడులు తరాలుగా పోడు కొట్టిన నేల ఆ గీతల లోపల పడింది. పశువులు మేపితే బంబ్రం కట్టాలి. నాగటి కర్రకూ, ఇంటి వాసానికీ గార్డు చెయ్యి తడపాలి. గూడేలు ఖాళీ చేయమంటే చేయనివాళ్ల గుడిసెలు కాల్చారు. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం పోరాటం, మరణం ఈ నేపథ్యంలోవే. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితి పరిశీలించడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చూసిన విషయాలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పుస్తకంగా వచ్చాయి. ప్రభుత్వం పంపిన మనిషే గీతల లోపల ఏం జరిగిందో రాసి పెట్టాడు.

వైన్ పెట్టె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చలవ పెట్టెలో సీసా నిలబెట్టుకునే హక్కు దొరకుంది. అదే కాలంలో ఇప్పపువ్వు ఏరి ఇంటి వెనక సారా కాచుకున్న గోండు ఆబ్కారీ చట్టం ముందు నేరస్థుడు. అతను తన చెట్టు పువ్వుతో తన పండుగకు కాచుకున్నదాన్ని మానేసి, గుత్తేదారు దుకాణంలో కొనుక్కోవాలి. గడీ కథలో వైన్ పెట్టెను పెట్టిన రచయితకు ఆ రెండో కుండ గుర్తొచ్చి ఉంటే కథ మరోలా నడిచేది.

ఈ కాలం మాట కూడా ఒకటి చెప్తాను. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాకృతి, చేతిపని వస్తువు పురావస్తువు అవుతుంది. దాన్ని దేశం దాటించకూడదు. మంచిదే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో ఉంటున్న గిరిజనేతర పేదలు తమ నేల మీద హక్కు అడగాలంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నామని రుజువు చూపాలి. అల్మారాకు వయసు పెరిగితే ధర పెరుగుతుంది, దాని వయసును నిరూపించడానికి నిపుణులు వస్తారు. మనిషి తన వయసంతా గడిపిన నేల మీద ఉన్నానని నిరూపించుకోవడానికి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

*

మన సాహిత్యంలో ఈ పని అసలు జరగలేదనడం అన్యాయం. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' (1969) పాఠకుణ్ణి ఒక సంగీతగాడి వెంట గడీలోకి తీసుకెళ్తుంది. కొత్తగా వచ్చినవాడి కళ్లకు గడీ వైభవం కనపడాలి. కానీ ఆ నవలలో మనకు గుర్తుండిపోయేది ఆడబాపల బతుకు. రచయిత సామాన్ల జాబితా దగ్గర ఆగిపోలేదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవలలో అడవి దృశ్యంగా రాదు, బతుకుదెరువుగా వస్తుంది. చెట్టు ఎవరిది అన్న ప్రశ్నే కథను నడిపిస్తుంది. వీటిని మనం గొప్పగా చెప్పుకున్నాం. కానీ వీటి నుంచి విమర్శ ఒక పద్ధతిని తయారుచేసుకోలేదు. విషయాన్ని మెచ్చుకుని ఊరుకున్నాం. ఆ తర్వాత వచ్చిన కథకులు గడీని వర్ణించాల్సి వస్తే జింక తలకాయ, పులితోలు, ఊయల బల్ల, అద్దాల అల్మారా అని ఒక తయారు జాబితా వాడేశారు. ఒకే సామాను కథ నుంచి కథకు మోసుకుపోతున్నాం.

ఒక అభ్యంతరం రావచ్చు. కథలో కుర్చీ కనపడిన ప్రతిచోటా దాని చరిత్ర చెప్పాలా? కథ ఏమన్నా అటవీశాఖ రిజిస్టరా? సమంజసమైన ప్రశ్నే. నా జవాబు ఇది. కథలో చెప్పనక్కరలేదు, కథకుడికి తెలిసి ఉండాలి. తెలిసినవాడి వాక్యం వేరేగా ఉంటుంది. అతను వస్తువును ఎక్కడ చూపాలో, ఎక్కడ చూపకూడదో, ఎవరి చేత ముట్టించాలో ఎరుగుతాడు. ఇక వస్తువే కథకు ఇరుసుగా ఉన్నప్పుడు, రచయితే దాన్ని హాలు మధ్యలో నిలబెట్టి చూడమన్నప్పుడు, అదెట్లా వచ్చిందని పాఠకుడు అడిగితే నవ్వడానికి మనకు హక్కు లేదు. ప్రతీక అన్న మాట అజ్ఞానానికి ముసుగు కాకూడదు.

*

ఇంతవరకు ఇంకొకరి కథ గురించి రాశాను. నా ఇంటి సంగతి రాయకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు.

నా పుస్తకాలున్నది ఒక అద్దాల టేకు అల్మారాలో. మా నాయన మంచిర్యాలలో ఒక కట్టె కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. దుంగల లెక్క రాయడం ఆయన పని. పొడవు, చుట్టుకొలత, ఘనపుటడుగులు. చక్కని దస్తూరీ. ఆ చిట్టాల్లో కొన్ని చాలాకాలం మా ఇంట్లోనే ఉండేవి. ప్రతి దుంగకూ ఒక నంబరుంది. నరికినవాడికి పేరు లేదు. ఈ అల్మారా ఆ రోజుల్లోనే, బజారు ధరలో సగానికి కూడా కాకుండా మా ఇంటికి వచ్చింది. ఎట్లా వచ్చిందని మా నాయనను నేను ఎన్నడూ అడగలేదు. మార్క్స్ సంపుటాలు, శ్రీశ్రీ, మన సంఘం ప్రచురణలు అన్నీ ముప్పై ఏళ్లుగా అందులోనే సర్దుకుంటూ వచ్చాను.

సమావేశం జరిగిన మరుసటి వారం ఆ వడ్లాయనను ఇంటికి పిలిచి, క్షమించమని అడిగి, అల్మారా చూపించాను. ముందు వైపు ఆయన పెద్దగా చూడలేదు. "ఇది ఎనుకకు తిప్పాలె సార్," అన్నాడు. పుస్తకాలన్నీ దించి ఇద్దరం కలిసి గోడ నుంచి జరిపాం. వెనక పలకలకు రందా పట్టలేదు. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ అంతా ముందు వైపే. గోడకు ఆనేది ఎవరు చూస్తారని వదిలేసిన ఆ పలకల మీద రంపపు గీతలు ఉన్నాయి. ఆయన వేలితో తడిమి చెప్పాడు.

"మిషన్ రంపమైతే గీతలు వంపు తిరిగి ఉంటయ్. ఇవి నిలువుగ, ఒకటి దగ్గర ఒకటి దూరం ఉన్నయ్ చూడుండ్రి. గుంత తవ్వి దుంగను పైన పెట్టి, ఒకలు మీద నిలబడి ఒకలు గుంతల నిలబడి గుంజిన రంపం ఇది. కిందోని కండ్లల్ల అంత పొట్టే. ఇగో ఈడ గీత పక్కకు పోయింది. కిందోడు అలిసిపోయిండు."

ఆ వెనక పలక రెండు జానల వెడల్పుంది, ఎక్కడా అతుకు లేదు. ఇంత పలక రావాలంటే ఆ చెట్టు ఆయన తాత పుట్టకముందే మొలిచి ఉండాలన్నాడు. ఇప్పుడు అంత చెట్టు కొనేవాడికి కూడా దొరకదన్నాడు.

ఎన్నో ఏళ్లు ఆ అల్మారా ముందు కూచుని వర్గ సంబంధాల గురించి వ్యాసాలు రాశాను. దాని వీపు మీద ఒక కూలి అలసిపోయిన చోటు గీతగా మిగిలి ఉందని నాకు తెలియదు. మా నాయన చిట్టాలో లేని మనిషి ఆ గీతలో ఉన్నాడు. ఇప్పుడు ఆ అల్మారాను ఏం చెయ్యాలని మిత్రులు అడుగుతారేమో. పారెయ్యడం నటన అవుతుంది. అమ్మితే పాత టేకు మోజుతో కొనేవాళ్లు చాలామందే ఉన్నారు, అది ఇంకా హీనం. పుస్తకాలు మళ్లీ అందులోనే సర్దాను. మా నాయన ఎట్లా తెచ్చాడో, ఎవరి వాటా మిగుల్చుకుంటే అది అంత చవగ్గా వచ్చిందో ఇన్నాళ్లకు రాయడం మొదలుపెట్టాను.

విమర్శ అంటే వస్తువును వెనక్కి తిప్పి చూడటం. పాలిష్ పట్టిన వైపు చూసి మెచ్చుకోవడం అమ్మకందారు పని. దాన్నే చూసి తిట్టడం కూడా అంతకంటే గొప్ప పనేమీ కాదు. రెండూ ముందువైపే ఆగిపోతాయి. రంపపు గీత కనపడాలంటే పుస్తకాలు దించాలి, బరువు జరపాలి, కట్టె తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టుకోవాలి.

ఆ యువ రచయిత కథ తిరిగి రాస్తున్నాడు. మొదట అల్మారాను మహాగని నుంచి టేకుకు మార్చి తెచ్చాడు. అది పేరు మార్పే అని చెప్పాను. తర్వాత అతను గడీలో పనిచేసిన తన నాయనమ్మ దగ్గర కూచున్నాడు. ఆమెకు అల్మారా ఏ కట్టెదో గుర్తు లేదు. రోజూ పొద్దుగూకాక అందులోని గాజు గిన్నెలు లెక్కపెట్టి అప్పజెప్పడం గుర్తుంది. ఒకటి పగిలితే కూలి గింజలు కోసేవారట. చీకట్లో, చిమ్నీ వెలుతురులో లెక్క తప్పుతుందేమోనని చేతులు వణికేవట. ఆ అద్దంలో ఆమె తన ముఖాన్ని ఎన్నడూ చూసుకోలేదు, గిన్నెలనే చూసింది. ఇప్పుడు కథ అక్కడ మొదలవుతోంది. రాయి విసిరే ముగింపు ఉంటుందో లేదో రచయిత ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకోమని నేనూ తొందరపెట్టలేదు.

విద్యార్థులకు ఒక మాట. మీరు పరిశోధనకు తీసుకున్న నవలలో ఒక్క వస్తువును ఎంచుకోండి. పాందాను కానీ, గడియారం కానీ, కుట్టుమిషను కానీ. అది ఎక్కడ తయారైంది, ఎవరు తయారుచేశారు, ఆ ఇంట్లోకి ఏ ఆదాయంతో వచ్చింది, రోజూ దాన్ని తుడిచేది ఎవరు అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. జవాబు నవలలో ఉంటే రచయితను మెచ్చుకోండి. లేకపోతే ఎందుకు లేదో రాయండి. వస్తువు, శిల్పం అన్న పాత చర్చను మళ్లీ మొదలుపెట్టడానికి ఇది చాలు.

వచ్చే సమావేశానికి వడ్లాయనను ముందు వరసలో కూచోమని అడిగాం. వస్తానన్నాడు. "రంపం సంగతి నేను జెప్త సార్, కథ మాత్రం మీరే సక్కగ జెప్పాలె," అన్నాడు.